అవ్వ పిలవని మధ్యాహ్నం

మా అవ్వ మంచం కింద ఒంటి చెప్పు ఒకటి ఉంది. నీలం పట్టీల రబ్బరు చెప్పు, ఎడమ కాలిది. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇల్లు ఊడుస్తుంటే చీపురుకు తగిలింది. బయట పడేద్దామని తీశాను. మంచం మీద కూర్చున్న అవ్వ, "ఉండనియ్యే. దాని జోడీది నీళ్లల్ల ఉన్నది, ఎన్నడన్న ఒడ్డుకు వస్తదేమో," అంది. అని బోసినోటితో నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.  మా దిక్కు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వకు ఎనభై దాటాయి, నాకు అరవై రెండు. నా భర్త పోయినప్పటి నుంచి ఎంకపల్లిలో చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం. చేవెళ్లలో ముప్పై ఏళ్లు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, నా తెలివి ఎంతటిదో తర్వాత మీకే తెలుస్తుంది.

నా చిన్నతనంలో ఎండకాలం వచ్చిందంటే మా బతుకంతా సాగరు దిక్కు జరిగేది. పట్నానికి తాగునీళ్లిచ్చే ఆ పెద్ద చెరువు వెనకనీళ్లు మా ఊరి నుంచి నడిచిపోయేంత దూరం దాకా వచ్చేవి. ఎండలు ముదిరేకొద్దీ నీళ్లు దిగిపోయి నల్లటి నేల బయటపడేది. దాన్ని శికం అంటారు. సొంత చెలక, పొలం లేని మాలాంటి వాళ్లం ఆ శికంలో మడులు కట్టి దోస, కర్బూజ, తోటకూర వేసుకునేవాళ్లం. పొద్దున్నే జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టుకొని పోతే మళ్లీ పొద్దు గూకే వేళకే ఇల్లు. ఆ నేల వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. ఒండ్రు, నాచు, ఎండిన చేపపిల్లలు, వాటి మీదుగా కర్బూజ తీగ పచ్చి వాసన. మధ్యాహ్నం తినే ముందు బాపు తలరుమాలు తీసి ప్రార్థన మొదలుపెడితే ఒక పట్టాన ముగిసేది కాదు. ఊళ్లో జ్వరమొచ్చిన వాళ్లందరి పేర్లూ వరసగా దేవుడికి చెప్పేవాడు. ఆ లోపల చీమలు రొట్టె మీదికి ఎక్కేవి. నేను ఒక కన్ను తెరిచి చూస్తే అవ్వ కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తూ ఉండేది.

సాయంత్రం ఇంటికి తిరిగే ముందు బాపు ఒక పని తప్పకుండా చేసేవాడు. నీటి అంచున, సరిగ్గా తడి ముగిసి పొడి మొదలయ్యే చోట, ఒక రాయి పెట్టేవాడు. తెల్లారి పోగానే పిల్లలం ఆ రాయి దగ్గరికి ఉరికేవాళ్లం. రాయికి, నీటికి మధ్య ఎంత ఎడం ఉంటే అంత కొత్త నేల మాది. బాపు అడుగు మీద అడుగు పెట్టి కొలిచేవాడు, అవ్వ వెనకనే పార పట్టుకొని గట్టు గీసేది. ఒకరోజు నాలుగడుగులు, ఒకరోజు ఆరడుగులు. నీళ్లు దిగుతూనే పోయేవి. ఒకసారి దిగిన నీళ్లు వానాకాలం దాకా వెనక్కి రావు. చెరువు పక్కన పుట్టినవాళ్లకు ఇది ఒకరు చెప్పే పని లేదు, కాళ్లకే తెలుస్తుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక పొద్దున రాయి కనబడలేదు. పైన వికారాబాద్ దిక్కు రాత్రి అకాల వాన పడిందట, మాకు మాత్రం చినుకు లేదు. అవ్వ ఒక్క క్షణం నిలబడి చూసింది. చేతిలోని పార అక్కడే పారేసి, నా రెక్క పట్టుకొని గట్టుకు లాక్కుపోయింది. దావీదు చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, ఆయన కూడా గట్టెక్కాడు. ఆయన భార్య చిన్నవ్వ మాత్రం ముందురోజు తెంపిపెట్టిన కర్బూజల గంప కోసం వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసిందో లేదో మోకాళ్ల దాకా బురదలో దిగబడింది. చుట్టూ నీళ్లు కమ్ముకుంటున్నాయి. భయపడి గట్టిగా, "ఓ దావీదూ, సచ్చిపోతున్న!" అని ఒర్లింది. చిన్నబాపు ఆ కేక విని ముందూ వెనకా చూడలేదు. చుట్టూ తిరిగి గట్టు మీదుగా పోతే తొడల లోతే. ఆయన సక్కగా, అంటే సూటిగా, నీళ్లకు అడ్డం పడి ఉరికాడు. మధ్యలో కిందటేడు ఇటుకల కోసం మట్టి తవ్విన గుంతలున్నాయి. పైన నీళ్లు సమంగానే ఉన్నాయి కదా, ఏం తెలుస్తుంది? చూస్తుండగానే మనిషి లేడు. తలరుమాలు ఒక్కటి పైకి తేలింది. చిన్నవ్వ కాసేపటికి ఒక్కో కాలూ పీక్కొని తనంతట తానే బయటికొచ్చింది. ఆయన్ని సాయంత్రం తీశారు.

ఆ తర్వాత మా ఇంట్లో రెండు కట్టుబాట్లు ఏర్పడ్డాయి. రాయి కనబడకపోతే చేతిలో ఏదున్నా వదిలేసి కదలాలి. రెండోది, నీళ్లలో ఉన్నవాళ్లు ఒడ్డు మీద ఉన్నవాళ్లను పిలవొద్దు. "ఒర్లితే వాళ్లు ఉరికొస్తరు. ఇద్దరు పోతరు," అని అవ్వ మాకు అన్నం పెట్టేటప్పుడు కూడా చెప్పేది. చిన్నవ్వ గొంతు ఆ రోజుతోనే తగ్గిపోయింది. ఆమె మళ్లీ గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. విచిత్రం ఏమిటంటే మా అవ్వ ఇంటి దగ్గర కూడా పిలవడం మానేసింది. ఊళ్లో తల్లులందరూ వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిల్లల్ని కేకేస్తుంటే, మా అవ్వ వీధి చివర దాకా నడిచొచ్చి, ఆటలో ఉన్న నా భుజం మీద చెయ్యి వేసేది. పిల్లలు నన్ను వెక్కిరించేవాళ్లు. మీ అవ్వకు నోరు లేదా అని. నాకు సిగ్గేసేది, కోపమొచ్చేది. ఎందుకని మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

ఇక ఆ ఒంటి చెప్పు సంగతి. నా బిడ్డ స్నేహ, అల్లుడు వినయ్ మోకిలలో ఉంటారు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఈ ఏడు అందరం అండమాన్ పోదామని స్నేహ పట్టుపట్టింది. "అమ్మమ్మ సముద్రం చూడకుండనే పోతదా అమ్మా?" అని నన్ను మెత్తగా చేసింది. అవ్వ రానంటే రానంది. నేనే బతిమాలి, కోప్పడి, చివరికి అలిగి ఒప్పించాను. మూడో రోజు పొద్దున ఒక చిన్న దీవికి పడవలో పోయాం. ఇళ్లు లేవు, కరెంటు లేదు, సెల్‌ఫోన్‌కు సిగ్నల్ లేదు. పొద్దున దిగితే సాయంత్రం అదే పడవలో తిరిగి రావాలి. తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు, ఆ వెనక అడవి. పడవలో ఉన్నంతసేపూ నేను అవ్వ చెయ్యి పట్టుకొని కళ్లు మూసుకున్నాను. కింద ఎంత లోతు ఉంటుందో అన్న ఆలోచన ఒక్కటే.  

పడవ నడిపే అప్పలరాజు తెలుగువాడే. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడట. దిగగానే చెప్పాడు. "అమ్మా, ఆ ఎదురుగా ఇసకమేట ఉంది సూడండి, దానిమీద ఎక్కువసేపు ఉండకండి. మద్దేనం నీరు తిరిగొచ్చేస్తది." నేను టీచరమ్మ నవ్వు ఒకటి నవ్వి, "తెల్సు తమ్మీ. ఆటుపోట్లు. ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పిన," అన్నాను. బోర్డు మీద చంద్రుణ్ణి గీసి, బాణం గుర్తులు పెట్టి చెప్పిన పాఠమే మరి! కానీ ఆ ఇసుకమేటను చూడగానే పాఠం ఎటో పోయింది. నీళ్లు దిగి, తడి నేల ఎండకు మెరుస్తోంది. నాచు వాసన, ఎండిన చేప వాసన. అరవై రెండేళ్ల దాన్ని ఒక్కసారిగా తొమ్మిదేళ్ల దాన్నైపోయాను. "అవ్వా, మన శికం లెక్కనే ఉన్నది, సూడు!" అన్నాను.

ఆ మేట ఒడ్డు నుంచి కొడవలిలా వంపు తిరిగి, చివర కాస్త ఎత్తైన దిబ్బగా తేలి ఉంది. ఒడ్డు నుంచి దిబ్బకు సూటిగా పోతే మధ్యలో ఒక పల్లం. అప్పుడు అందులో పాదాలు తడిసేంత నీళ్లే. వినయ్ ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొని ముందు నడిచాడు. స్నేహ, నేను అవ్వకు చెరో రెక్క పట్టి, పల్లం గుండా సూటిగా తీసుకుపోయి దిబ్బ మీద కూర్చోబెట్టాం. అవ్వకు మోకాళ్లు అరిగిపోయాయి, ఆసరా లేకుండా పది అడుగులు కూడా వెయ్యలేదు. "నేను ఒడ్డు మీదనే కూసుంటనే," అని రెండుసార్లు అంది. "ఏం గాదవ్వా. ఒడ్డు మీద మనతో వచ్చిన టూరిస్టుల పాటల మోత నీకు పడదు. ఈడ సల్లగ గాలొస్తది," అని నేనే కూర్చోబెట్టాను. ఆమె వంగి చిటికెడు ఇసుక తీసి నాలిక మీద వేసుకొని, తుపుక్కున ఉమ్మింది. "థూ! ఉప్పు. దీంట్ల దోసగింజ గూడ మొలవది," అంది. స్నేహ పొట్ట పట్టుకొని నవ్వింది. తర్వాత అవ్వ నీటి అంచు దిక్కు చూస్తూ, "రాయి పెట్టు," అంది.

నేను నవ్వాను. అది నేను మరిచిపోలేని తప్పు. నవ్వుతూనే పిడికెడంత తెల్లటి పగడపురాయి ఒకటి వెతికి నీటి అంచున పెట్టాను. "పొద్దుగూకేదాక ఎన్ని అడుగులు దిగుతదో కొలుద్దాం," అని వేళాకోళం కూడా ఆడాను. అన్నం తెస్తానని చెప్పి నేను ఒడ్డుకొచ్చాను. స్నేహ, వినయ్ మిగతా టూరిస్టులతో కలిసి, కళ్లకు అద్దాలు పెట్టుకొని చేపలు చూడటానికి దీవి అటు పక్కకు పోయారు. పులిహోర డబ్బా తీసి నీడన పెట్టుకొని, ఐదు నిమిషాలు నడుం వాలుద్దామని కొబ్బరిచెట్ల కింద తువ్వాల పరిచాను. తెల్లవారుజామున లేచిన ఒళ్లు. కునుకు పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి ముందు చెవికి తేడా తెలిసింది. నీళ్ల చప్పుడు దగ్గరైంది. లేచి చూస్తే పల్లం లేదు. మేట లేదు. నీళ్లే. ఆ నీళ్ల మీద తెల్లటి ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు పైకి పెట్టి తేలుతోంది. కుర్చీలో అవ్వ లేదు.

  "అవ్వా! ఓ యేసయ్యా! అవ్వా!" అని అరుస్తూ సూటిగా కుర్చీ దిక్కు నీళ్లలోకి దూకాను. మొదట మోకాళ్లు, ఇంకో నాలుగు అడుగులకు తొడలు, మరో అడుగుకు కాలి కింద నేల జారిపోయింది. చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంది. ఉప్పునీళ్లు గొంతులోకి పోయాయి. వెనక నుంచి అప్పలరాజు నా జబ్బ దొరకబుచ్చుకున్నాడు. "అటెల్లకండమ్మా, అక్కడ మనిషిలోతు వచ్చేసింది!" అని లాగాడు. నేను అతన్ని కొట్టాను, గీరాను. "మా అవ్వ ఆడున్నది, విడువు!" అని ఏడ్చాను. తొమ్మిదేళ్లప్పుడు గట్టు మీద నిలబడి చూసిన తలరుమాలు నా కళ్ల ముందు తేలుతోంది.

అప్పుడు అతను చెయ్యి చాపి చూపించాడు. కుర్చీకి బాగా ఎడంగా, ఆ కొడవలి వంపు మీద, నీళ్లలో ఒక తెల్లటి తల. అవ్వ కూర్చున్న పాటునే, రెండు చేతులూ వెనక ఆనించి, వెనక్కి వెనక్కి దేక్కుంటూ వస్తోంది. నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి. అల వచ్చినప్పుడల్లా మెడ దాకా మునిగి, అల పోగానే మళ్లీ ఒక జానెడు జరుగుతోంది. పెదాలు గట్టిగా బిగించి ఉన్నాయి. తల తిప్పి నన్ను చూసింది. చూసి, ఒక చెయ్యి పైకెత్తి అరచెయ్యి నా దిక్కు తిప్పింది. ఆగు అని. ఆ చెయ్యి ఎత్తినందుకు పట్టు తప్పి పక్కకు ఒరిగింది, తల నీళ్ల కింద పోయింది. నేను ఆ క్షణంలో దేవుడితో ఏమేం బేరాలు పెట్టుకున్నానో చెప్పుకోలేను. తల మళ్లీ పైకి వచ్చింది. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. అప్పలరాజు నన్ను ఒడ్డు మీదికి తోసేసి, వంపు వెంట చుట్టూ తిరిగి ఉరికాడు. అతనికి ఆ దారంతా మోకాళ్ల లోతే. అవ్వను వీపు మీద వేసుకొని అదే దారిలో తెచ్చాడు. ఒడ్డు మీద దించితే ఆమె కాలికి ఒకటే చెప్పు ఉంది.

ఆమె అరచేతులు పగడపు ముక్కలు కోసి నెత్తురు కారుతున్నాయి. ఒళ్లంతా వణుకుతోంది. నేను చీర కొంగుతో ఆమె మొహం తుడుస్తూ ఏడుస్తూ తిట్టాను. భయపడ్డ మనిషికి కోపమే ముందు వస్తుందేమో. "ఎందుకు పిల్వలేదే? ఒక్క కేకేస్తే రాకపోదునా? నోరు లేదా నీకు?" అన్నాను. చిన్నప్పుడు పిల్లలు నన్ను వెక్కిరించిన మాటే నా నోట వచ్చింది. అవ్వ ఊపిరి తీసుకొని, తీసుకొని, మెల్లగా చెప్పింది.

"రాయి మునిగింది, నేను కదిలిన. పిలిస్తె నువ్వు సక్కగ వస్తవు. నీకు ఈత రాదు. మీ సిన్నబాపు గూడ సక్కగనే వచ్చిండు."

స్నేహ, వినయ్ తిరిగొచ్చేసరికి మేమిద్దరం ఒకరినొకరు పట్టుకొని కూర్చొని ఉన్నాం.  హోటల్లో వేడినీళ్లతో అవ్వకు స్నానం చేయిస్తుంటే తుంటి మీద అరచెయ్యంత కమిలిన మచ్చ కనబడింది. పచ్చబడి, అంచులు పసుపురంగుకు తిరిగింది. ఆ రోజు తగిలిన దెబ్బ అలా ఉండదు. ఎన్నడు పడ్డావని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. పది రోజుల కింద మా ఇంట్లోనే, బాత్రూములో జారిపడిందట. నేను పక్క గదిలో టీవీ సీరియల్ చూస్తున్నాను. లేవరాక, నేల మీద దేక్కుంటూ మంచం దాకా వచ్చి, మంచం కోడు పట్టుకొని పైకెక్కిందట. ఆమె కోసమే స్నేహ ఒక బెల్లు కొనితెచ్చి దిండు పక్కన పెట్టింది. నొక్కితే నా గదిలో మోగుతుంది. రెండేళ్లలో అది ఒక్కసారి కూడా మోగలేదు. "మా అవ్వ బంగారం, ఎవ్వర్నీ సతాయించదు," అని నేను చర్చిలో అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. "కేకన్న వెయ్యకపోతివా అవ్వా?" అన్నాను. "తడి నేల మీద ఉరికొస్తవు. నువ్వు గూడ పడ్తవు," అంది.

మేం దోస పెట్టిన శికం దిక్కు ఇప్పుడు పోవడానికి లేదు. దారి పొడుగునా ఫామ్‌హౌస్‌ల ప్రహరీలు, పెళ్లిళ్లు చేసే తోటలు. నీళ్లు ఎంత దిగాయో సెల్‌ఫోన్లో చూసుకుంటారు గానీ రాయి పెట్టేవాళ్లు లేరు. స్నేహ వాళ్ల అపార్ట్‌మెంట్లో ఈతకొలను ఉంది, మీటర్లలో లోతు అంచు మీద రాసి ఉంటుంది, విజిల్ మెడలో వేసుకొని ఒక మనిషి కాపలా ఉంటాడు. స్నేహకు ఈత వచ్చు. ఆమెకు నీళ్లంటే ఏ భయమూ లేదు, అది మంచిదే. మాకు కాపలా విజిల్ లేదు, లోతు రాసిన అంచు లేదు. ఒక రాయి, ఒక మూసిన నోరు. ఆ నోరు ఎవరి కోసం మూసుకుందో తెలుసుకోవడానికి నాకు యాభై మూడేళ్లు పట్టింది. ఇంతకాలం మా ఇల్లు ప్రశాంతంగా ఉందని మురిసిపోయాను. ఇప్పుడు ఆ ప్రశాంతతే నన్ను భయపెడుతోంది. పక్క గదిలో గిన్నె చప్పుడో, దగ్గో వినబడితే నా ప్రాణం కుదుటపడుతుంది. ఏమీ వినబడకపోతే చేతిలో పని సాగదు.

నిన్న మధ్యాహ్నం కూడా అంతే. వంటింట్లో కూర తరుగుతున్నాను. అవ్వ గదిలో చాలాసేపటి నుంచి అలికిడి లేదు. కత్తిపీట పక్కకు జరిపి, చేతులు కూడా కడుక్కోకుండా పోయాను. అవ్వ మంచం అంచున కూర్చొని కిందికి చూస్తోంది. నీళ్ల చెంబు చెయ్యి జారి పడి మూలకు దొర్లింది, గచ్చంతా తడి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బెల్లు దిండు పక్కన అట్లాగే ఉంది. నేను తడి దాటకుండా, గోడ వెంట చుట్టూ తిరిగి పోయి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆమె ఉలిక్కిపడి తలెత్తింది.

"నేను పిల్వలేదు గదనే?" అంది.

"గందుకే వచ్చిన అవ్వా," అన్నాను.